ధహ్రాన్‌లో పడ్డ బాంబు, విశాఖలో పడ్డ బాంబు: రెండో ప్రపంచ యుద్ధం మన దాకా ఎలా వచ్చింది?

టీవీలో యుద్ధం అనే మాట వినపడితే చాలు, ఇంటి నుంచి ఫోను వచ్చేస్తుంది. "అక్కడ బాగానే ఉందా? వచ్చేయరాదూ?" అని అమ్మ. "కంపెనీ వాళ్లు ఏమంటున్నారు?" అని నాన్న. మనమేమో "ఇక్కడేం లేదమ్మా, డ్యూటీ మామూలే" అంటాం. ఫోను పెట్టేశాక రూములో నలుగురం కూర్చుని మళ్లీ అదే మాట్లాడుకుంటాం. నిజంగా పెద్ద యుద్ధమే వస్తే మన సంగతేంటి?

ఈ ప్రశ్న మనకంటే ముందు మన తాతల కాలంలో వచ్చింది. వాళ్లకి దొరికిన జవాబు చాలా చేదు జవాబు. అందుకే ఈ ఎపిసోడ్‌లో రెండో ప్రపంచ యుద్ధం కథ చెప్పుకున్నాం. ఆడియోలో తేదీలు, పేర్లు వేగంగా వెళ్లిపోయాయని అనిపించినవాళ్ల కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాం. శుక్రవారం బట్టలుతుక్కుని, వంటయ్యాక తీరిగ్గా చదువుకోండి.

ఈ యుద్ధం గురించి మనం స్కూల్లో చదివింది హిట్లర్, హిరోషిమా. అయితే ఈ యుద్ధంలో సౌదీలోని ధహ్రాన్ మీదా బాంబులు పడ్డాయి, మన విశాఖపట్నం, కాకినాడల మీదా పడ్డాయి. రెండూ ఎక్కడో యూరప్‌లో మొదలైన గొడవే. అది ఇంత దూరం ఎందుకొచ్చిందో తెలిస్తే, మనం ఈరోజు దమ్మాంలోనో జుబైల్‌లోనో ఎందుకున్నామో కూడా తెలుస్తుంది.

యుద్ధానికి ముందు సౌదీ

సౌదీ అరేబియా అనే పేరుతో ఈ రాజ్యం ఏర్పడింది 1932 సెప్టెంబర్ 23న. ఏటా మనకొచ్చే నేషనల్ డే సెలవు అదే. రాజు అబ్దుల్ అజీజ్. అప్పటికి ఇది డబ్బున్న దేశం కాదు. ఖజానాకి ముఖ్యమైన రాబడి హజ్ యాత్రికుల నుంచే. 1929లో అమెరికాలో మొదలైన ఆర్థిక మాంద్యం ప్రపంచమంతా పాకేసరికి, అంతకుముందు లక్ష దాకా వచ్చిన విదేశీ యాత్రికులు కొన్నేళ్లలోనే 20 వేలకు పడిపోయారు. రాజుగారికే అప్పులు పెరిగాయి.

ఆ ఇబ్బందిలోనే 1933 మే 29న జెడ్డాలో ఒక ఒప్పందం జరిగింది. రాజు తరఫున ఆర్థిక మంత్రి అబ్దుల్లా అల్ సులేమాన్, అమెరికా కంపెనీ సోకాల్ తరఫున లాయిడ్ హామిల్టన్ సంతకం పెట్టారు. తూర్పు ప్రాంతంలో నూనె వెతుక్కునే హక్కు కంపెనీకి. అందుకు మొదట ఇచ్చింది 35,000 బంగారు సవరన్లు. రాజుకి కావాల్సింది చేతికి అందే బంగారం. నేల కింద ఏముందో అప్పటికి ఎవరికీ తెలియదు.

దమ్మాం గుట్ట మీద బావి తర్వాత బావి తవ్వారు. ఆరు బావుల్లో సరైన ఫలితం రాలేదు. ఏడో బావిని దాదాపు 1,440 మీటర్ల లోతుకు దింపాక, 1938 మార్చిలో నూనె గట్టిగా పడింది. 1939 మే 1న రాజు స్వయంగా రాస్ తనూరా వచ్చి వాల్వు తిప్పి, మొదటి ట్యాంకర్‌లోకి నూనె వదిలారు. ఇక కష్టాలు తీరినట్టే అనుకున్నారు అందరూ. సరిగ్గా నాలుగు నెలలకు యుద్ధం మొదలైంది.

ఎలా మొదలైంది?

1914 నుంచి 1918 దాకా మొదటి ప్రపంచ యుద్ధం జరిగింది. జర్మనీ ఓడిపోయింది. 1919లో వెర్సాయ్ సంధి పేరుతో గెలిచినవాళ్లు తప్పంతా జర్మనీ మీద వేశారు. భారీ నష్టపరిహారం కట్టమన్నారు, భూమి కోసుకున్నారు. ఆ అవమానం జర్మన్ల మనసులో మిగిలిపోయింది. దానిమీద ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. 1932 నాటికి అక్కడ పని లేనివాళ్లు 60 లక్షల దాకా ఉన్నారు.

పని లేని మనిషికి "నీ కష్టానికి కారణం ఫలానావాడు" అని వేలు చూపించేవాడు దొరికితే, ఆ మాట తొందరగా చెవికెక్కుతుంది. హిట్లర్ చేసింది అదే. తప్పు యూదులదన్నాడు, పక్క దేశాలదన్నాడు. 1933 జనవరి 30న అధికారంలోకి వచ్చాడు. 1938లో ఆస్ట్రియాని కలిపేసుకున్నాడు. తర్వాత చెకొస్లొవేకియాని ముక్కముక్కగా మింగాడు. బ్రిటన్, ఫ్రాన్స్ "ఇంతటితో ఆగుతాడులే" అనుకుంటూ ఊరుకున్నాయి. 1939 ఆగస్టులో రష్యాతో ఒప్పందం చేసుకుని, సెప్టెంబర్ 1న పోలండ్ మీద పడ్డాడు. సెప్టెంబర్ 3న బ్రిటన్, ఫ్రాన్స్ యుద్ధం ప్రకటించాయి.

ఆసియాలో మంట అంతకంటే ముందే అంటుకుంది. 1937 నుంచే జపాన్ చైనా మీద యుద్ధం చేస్తోంది. ఈ రెండు మంటలూ తర్వాత ఒకటయ్యాయి.

మన దేశం సంగతి? అప్పుడు తెల్లవాళ్ల పాలన. సెప్టెంబర్ 3ననే వైస్రాయ్ లిన్‌లిత్‌గో "భారతదేశం కూడా యుద్ధంలో ఉంది" అని ప్రకటించేశాడు. మన నాయకుల్ని ఒక్క మాట అడగలేదు. దానికి నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు ప్రావిన్సులో ఉండేవి. అక్కడ రాజాజీ మంత్రివర్గం దిగిపోయింది. హైదరాబాద్ నిజాం మాత్రం బ్రిటిష్‌వాళ్ల వైపే నిలబడి డబ్బిచ్చాడు. బ్రిటన్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ పేరే ఉండేది. 1940లో ఇంగ్లండ్ ఆకాశంలో జర్మన్ విమానాలతో తలపడ్డ దళాల్లో అదొకటి.

సౌదీ రాజు జర్మనీతో సంబంధాలు తెంచుకున్నాడు కానీ యుద్ధంలోకి దిగలేదు. చుట్టూ బ్రిటిష్‌వాళ్లు, ఖజానాలో డబ్బు లేదు. తటస్థంగా ఉండటమే మేలనుకున్నాడు. అయినా యుద్ధం వెతుక్కుంటూ వచ్చింది.

ధహ్రాన్ మీద బాంబులు

1940 జూన్ 10న ఇటలీ జర్మనీ పక్షాన యుద్ధంలో చేరింది. అదే ఏడాది అక్టోబర్ 18 సాయంత్రం మధ్యధరా సముద్రంలోని రోడ్స్ దీవి నుంచి నాలుగు ఇటాలియన్ బాంబర్లు లేచాయి. వాటి గురి బహ్రెయిన్‌లోని నూనె శుద్ధి కర్మాగారం. బ్రిటిష్ నౌకలకు ఇంధనం అక్కడి నుంచి వెళ్లేది. 19 తెల్లవారుజామున బాంబులు వేశాయి. అందులో కొన్ని సముద్రానికి ఇవతల ధహ్రాన్‌లోనూ పడ్డాయి. ఇప్పుడు మనం కాజ్‌వే మీద కారులో అరగంటలో దాటే దూరం అది. చీకట్లో, పైనుంచి చూసేవాడికి దీపాలన్నీ ఒకలాగే కనిపిస్తాయి.

నష్టం పెద్దగా జరగలేదు. విమానాలు 4,000 కిలోమీటర్లకు పైగా ఎగిరి, అప్పట్లో ఇటలీ చేతిలో ఉన్న ఎరిత్రియాలో దిగిపోయాయి. ఎరిత్రియా పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

దెబ్బ చిన్నదైనా భయం పెద్దది. అమెరికన్ల కుటుంబాలు తిరిగి వెళ్లిపోయాయి. ఇనుము, యంత్రాలు, ఓడలు అన్నీ యుద్ధానికే కావాలి కాబట్టి కొత్త పనులు ఆగిపోయాయి. ఒక దశలో ధహ్రాన్‌లో మిగిలిన అమెరికన్లు వందమంది. కంపెనీ చరిత్రలో ఆ రోజుల్ని వందమంది కాలం అనే పిలుస్తారు. పనులు తగ్గితే ముందు ఇంటికి పోయేది ఎవరో మనకి వేరే చెప్పక్కర్లేదు. అప్పుడప్పుడే కూలి రుచి చూసిన స్థానిక అరబ్ కార్మికుల్లో చాలామంది పని పోగొట్టుకున్నారు.

ఎలా పాకింది?

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ యుద్ధం ట్యాంకులు, విమానాలు, ఓడలతో జరిగింది. వాటన్నిటికీ కావాల్సింది నూనె. నూనె ఎక్కడుంటే అక్కడికి యుద్ధం నడిచింది.

హిట్లర్ 1941 జూన్ 22న ఒప్పందాన్ని తుంగలో తొక్కి రష్యా మీద దాడి చేశాడు. మరుసటి ఏడాది అతని సైన్యం దక్షిణానికి తిరిగింది. ఎందుకంటే బాకు నూనె బావులు అటువైపు ఉన్నాయి. ఉత్తర ఆఫ్రికాలో జర్మన్ సేనాని రోమెల్ ఈజిప్టు మీదికి వచ్చాడు. సూయజ్ కాలువ చిక్కితే ఆ వెనక అరబ్ దేశాల నూనెకు దారి దొరుకుతుంది.

జపాన్ కథా అంతే. ఆ దేశానికి సొంత నూనె దాదాపు లేదు. ఎక్కువ భాగం అమెరికా దగ్గరే కొనేది. జపాన్ దురాక్రమణ ఆగట్లేదని 1941 వేసవిలో అమెరికా ఆ అమ్మకం ఆపేసింది. అప్పుడు జపాన్ కన్ను ఇప్పటి ఇండోనేషియా నూనె మీద పడింది. అడ్డొచ్చేది అమెరికా నౌకాదళం. అందుకని 1941 డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేసింది. దాంతో అమెరికా యుద్ధంలోకి దిగింది. యూరప్ యుద్ధం, ఆసియా యుద్ధం కలిసి ప్రపంచ యుద్ధం అయింది.

జపాన్ మెరుపులా వచ్చింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. మార్చి 8న రంగూన్ పడిపోయింది. ఆ రంగూన్‌లోనే మన వాళ్లున్నారు.

రంగం నుంచి నడిచొచ్చిన మనవాళ్లు

ఉత్తరాంధ్రలో పాతకాలం వాళ్లు రంగూన్‌ని "రంగం" అనేవాళ్లు. ఇప్పుడు మన ఊళ్లలో "దుబాయ్ పోయాడు" అన్నట్టు అప్పుడు "రంగం పోయాడు" అనేవాళ్లు. కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి స్టీమర్ ఎక్కి, డెక్ మీద ఎండకీ వానకీ ప్రయాణం చేసి, కడుపు చేతపట్టుకుని వెళ్లేవాళ్లు. 1931 జనాభా లెక్కల్లో బర్మాలో భారతీయులు 10 లక్షలు. రంగూన్ ఊళ్లో సగానికి పైగా జనం భారతీయులే. తెలుగువాళ్లు లక్షకు పైగా ఉండేవారు. రేవులో మూటలు మోసింది, బియ్యం మిల్లుల్లో పనిచేసింది, రిక్షా లాగింది ఎక్కువగా మనవాళ్లే.

వాళ్లని తీసుకెళ్లేవాడు మేస్త్రీ. ఓడ ఖర్చుకి, ఇంటి ఖర్చుకి ముందే అడ్వాన్సు ఇస్తాడు. అక్కడికి వెళ్లాక కూలిలో కోసుకుంటాడు. అప్పు తీరేదాకా ఆయన చెప్పిన పనే. ఏజెంటుకి లక్షలు కట్టి, మొదటి ఏడాది జీతమంతా ఆ అప్పుకే పోయినవాళ్లు మనలో ఎంతమంది లేరు?

1941 డిసెంబర్ 23న, మళ్లీ 25న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు కురిపించాయి. వేలమంది చనిపోయారు. రేవు కూలీలు ఊరొదిలి పరిగెత్తారు. కూలీలు వెళ్లిపోతే ఓడల్లో సరుకు దించేవాడుండడు, యుద్ధం సామాను ఆగిపోతుంది. అందుకని ప్రభుత్వం వాళ్లకి నచ్చజెప్పి వెనక్కి రప్పించింది. ఓడల్లో చోటు తక్కువ, టికెట్ ధర ఎక్కువ. చోటు దొరికినవాళ్లు అదృష్టవంతులు. మిగతావాళ్లు నడిచారు.

కొందరు పశ్చిమాన కొండలు దాటి అరకాన్ తీరానికి, అక్కడి నుంచి చిట్టగాంగ్‌కి వెళ్లారు. కొందరు ఉత్తరాన అడవుల గుండా మణిపూర్, అస్సాం చేరారు. వందల కిలోమీటర్లు. తాగడానికి మంచి నీళ్లు లేవు. కలరా, మలేరియా. వానాకాలం మొదలయ్యాక మోకాలి లోతు బురద. తెల్లవాళ్లకి మంచి దారి, నల్లవాళ్లకి గడ్డు దారి కేటాయించారని అప్పట్లోనే మన దేశంలో పెద్ద గొడవ అయింది. మొత్తం నాలుగైదు లక్షలమంది ఇలా వచ్చారు. దారిలో పోయినవాళ్లు పదివేల నుంచి యాభైవేల పైదాకా ఉంటారని చరిత్రకారుల అంచనాలు. వాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. దాచుకున్న డబ్బు, రావలసిన కూలి, కట్టుకున్న గుడిసె అన్నీ అక్కడే ఉండిపోయాయి.

పెద్ద యుద్ధం వస్తే వలస కార్మికుడి సంగతేంటని మొదట్లో అడుక్కున్నాం కదా. 1942లో దొరికిన జవాబు ఇది. "ఉండి పనిచెయ్" అన్నవాళ్లే, చివరికి "నీ దారి నువ్వు చూసుకో" అన్నారు.

విశాఖ, కాకినాడ మీద

రంగూన్ తర్వాత జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలోకి వచ్చింది. 1942 ఏప్రిల్ 5న కొలంబో మీద దాడి. మర్నాడు, ఏప్రిల్ 6న, ర్యుజో అనే విమాన వాహక నౌక నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడ మీద బాంబులు వేశాయి. విశాఖలో గురి రేవు మీదే. కొద్దిమంది చనిపోయారు. ధహ్రాన్‌లాగే ఇక్కడా నష్టం కంటే భయమే ఎక్కువ. అదే రోజుల్లో సముద్రంలో ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచేశారు.

జనం మూటలు కట్టుకుని లోపలి ఊళ్లకి పోయారు. అంతకుముందు ఏడాదే బాబు రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా షిప్‌యార్డ్ పని నిలిచిపోయింది. ఆంధ్రా యూనివర్సిటీ గుంటూరుకి మారింది. మద్రాసులో ప్రభుత్వ ఆఫీసులనే లోపలి ఊళ్లకి తరలించారు.

బాంబులు ఒక్కరోజుతో ఆగాయి. ఆకలి ఆగలేదు. బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. ధరలు మండిపోయాయి. రేషన్ వచ్చింది. బెంగాల్‌లో 1943 కరువుకి దాదాపు 30 లక్షలమంది చనిపోయారు. నిజాం రాజ్యంలో ప్రభుత్వం రైతుల దగ్గర లెవీ పేరుతో ధాన్యం గుంజుకుంది. దొరల గాదెలు జోలికి పోకుండా చిన్న రైతు గాదె ఊడ్చారు. తెలంగాణ సాయుధ పోరాటానికి దారితీసిన కోపాల్లో ఆ లెవీ కూడా ఒకటి. బాంబు ఒక్కటీ పడని నల్గొండ పల్లెలోకి కూడా యుద్ధం ఇలా వచ్చింది.

అమెరికా మనసు మారింది

అదే సమయంలో సౌదీలోనూ తిండికి కటకట. ఓడలు లేక హజ్ యాత్రికులు తగ్గారు. నూనె అమ్మకం అంతంతమాత్రం. వానలు కూడా పడలేదు. రాజు సాయం అడిగాడు. 1941 జూలైలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ "అది మనకి మరీ దూరం, బ్రిటిష్‌వాళ్లు చూసుకుంటే బాగుండు" అన్న ధోరణిలో తప్పుకున్నాడు.

ఏడాదిన్నర తిరిగేసరికి మాట మారింది. యుద్ధంలో మిత్రరాజ్యాలు వాడిన నూనెలో ఏడింట ఆరు వంతులు అమెరికా బావులదే. ఇలా తోడుకుంటూ పోతే తమకే కరువొస్తుందని అక్కడ గుబులు పుట్టింది. 1943 ఫిబ్రవరి 18న అదే రూజ్‌వెల్ట్ "సౌదీ అరేబియా రక్షణ అమెరికా రక్షణకు అత్యవసరం" అని ప్రకటించి సాయం మొదలుపెట్టాడు. ఆహారం, లారీలు వచ్చాయి. వెండి కూడా వచ్చింది. అప్పుడు సౌదీలో కాగితం నోటు లేదు, కూలి వెండి రియాళ్లలోనే ఇవ్వాలి. ఆ రియాళ్లను అమెరికాలోని ఫిలడెల్ఫియా టంకశాలలో ముద్రించి ఓడల్లో పంపారు.

ఎలా ముగిసింది?

యుద్ధం మలుపు తిరిగింది 1942 చివర్లో. ఈజిప్టులోని ఎల్ అలమీన్ దగ్గర రోమెల్ ఓడాడు. ఆ పోరులో మన భారత సైనికులూ ఉన్నారు. 1943 ఫిబ్రవరి 2న స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ సైన్యం లొంగిపోయింది. హిట్లర్‌కి బాకు నూనె దక్కలేదు. 1944 జూన్ 6న మిత్రసేనలు ఫ్రాన్స్ తీరంలో దిగాయి. అదే వేసవిలో కోహిమా, ఇంఫాల్ దగ్గర జపాన్ సైన్యం వెనక్కి తిరిగింది. మొత్తం యుద్ధంలో భారత సైన్యంలో చేరినవాళ్లు 25 లక్షలమంది. చాలామంది దేశభక్తి కంటే ముందు నెల జీతం కోసమే చేరారు.

యుద్ధం చివరి నెలల్లో ఒక ముఖ్యమైన సమావేశం జరిగింది. 1945 ఫిబ్రవరి 14న, సూయజ్ కాలువ దారిలోని గ్రేట్ బిట్టర్ సరస్సులో, క్విన్సీ అనే యుద్ధనౌక మీద రూజ్‌వెల్ట్, రాజు అబ్దుల్ అజీజ్ కలిశారు. రాజు జెడ్డా నుంచి మర్ఫీ అనే మరో అమెరికన్ ఓడలో వచ్చాడు. డెక్ మీద గుడారం, తివాచీలు, కోసుకోవడానికి గొర్రెలు అన్నీ వెంట తెచ్చుకున్నారు. పాత యుద్ధ గాయాలతో రాజుకి నడక కష్టం. పోలియోతో రూజ్‌వెల్ట్ చక్రాల కుర్చీలో ఉండేవాడు. తన దగ్గరున్న ఇంకో చక్రాల కుర్చీని రాజుకి కానుకగా ఇచ్చాడు.

"నూనె మీకు, రక్షణ మాకు" అని ఆరోజే ఒప్పందం రాసుకున్నారని చాలామంది చెప్తారు. సమావేశం రికార్డులో ఎక్కువ ఉన్నది పాలస్తీనా గురించి. యూరప్‌లో యూదులు పడ్డ బాధలకి వాళ్లకి పాలస్తీనాలో చోటివ్వాలని రూజ్‌వెల్ట్ అడిగాడు. తప్పు చేసింది జర్మన్లు, పరిహారం జర్మన్లే ఇవ్వాలి, అరబ్బులెందుకివ్వాలి అన్నాడు రాజు. అరబ్బులకి వ్యతిరేకంగా ఏమీ చేయనని రూజ్‌వెల్ట్ ఏప్రిల్ 5న ఉత్తరం కూడా రాశాడు. వారం తిరగ్గానే, ఏప్రిల్ 12న చనిపోయాడు. ఆ ప్రశ్న ఈరోజుకీ తెగలేదు. నూనె, సైనిక బంధం మాత్రం ఆ తర్వాత గట్టిపడుతూ వచ్చాయి.

1945 మార్చి 1 లోపు యుద్ధంలో చేరిన దేశాలకే ఐక్యరాజ్యసమితి స్థాపన సభకి పిలుపు ఉంటుందన్నారు. ఆ గడువులోనే సౌదీ కూడా జర్మనీ, జపాన్ మీద యుద్ధం ప్రకటించింది. జూన్ 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో సౌదీ తరఫున ఫైసల్ యువరాజు, తర్వాత రాజైన ఫైసలే, సంతకం పెట్టాడు. భారతదేశం తరఫున పెట్టిన రామస్వామి ముదలియార్ పుట్టింది మన కర్నూల్లో.

మే 8న యూరప్‌లో యుద్ధం ముగిసింది. ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి మీద అణుబాంబులు పడ్డాయి. ఆగస్టు 15న జపాన్ లొంగిపోతున్నట్టు చెప్పింది. సెప్టెంబర్ 2న సంతకాలు జరిగాయి. ఆరేళ్లలో ఆరు కోట్లకు పైగా ప్రాణాలు పోయాయి. అందులో ఎక్కువమంది తుపాకీ పట్టనివాళ్లే.

యుద్ధం మిగిల్చిన పని

ధహ్రాన్‌లో మాత్రం యుద్ధం ముగింపుతో పనులు మొదలయ్యాయి. 1944 జనవరిలో కంపెనీ పేరు అరామ్‌కోగా మారింది. రాస్ తనూరాలో రోజుకి 50,000 పీపాల నూనె శుద్ధిచేసే కర్మాగారం యుద్ధం మధ్యలోనే కట్టడం మొదలుపెట్టి, 1945 సెప్టెంబర్‌లో నడిపించారు. ధహ్రాన్‌లో అమెరికా విమానాశ్రయం 1946లో పూర్తయింది. 1999 చివర్లో దమ్మాం కొత్త ఎయిర్‌పోర్టు తెరిచేదాకా మన సీనియర్లు దిగింది ఆ పాత ధహ్రాన్‌లోనే.

కట్టడానికి చేతులు కావాలి కదా. ఎవరొచ్చారో తెలుసా? ఎరిత్రియా నుంచి ఇటాలియన్లు. 1941లో బ్రిటిష్‌వాళ్లు ఎరిత్రియాని గెలిచాక అక్కడ పని లేకుండా మిగిలిపోయిన తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, ఫిట్టర్లు. 1940లో బాంబులేసిన విమానాలు దిగిన చోటి నుంచే, నాలుగేళ్లకి రాస్ తనూరా కట్టడానికి కూలీలొచ్చారు. వాళ్ల తర్వాత భారతదేశం నుంచి గుమాస్తాలు, చేతిపని తెలిసినవాళ్లు వచ్చారు. అమెరికన్లకి ఏసీ ఇళ్లు, మిగతావాళ్లకి వేరే క్యాంపులు, అరబ్ కూలీలకి ఈతాకుల గుడిసెలు. 1945 వేసవిలో ఇటాలియన్లు, సౌదీ కార్మికులు కూడా కూలి కోసం, తిండి కోసం సమ్మెకి దిగారు. జాతిని బట్టి జీతం, జాతిని బట్టి క్యాంపు అనే పద్ధతి గల్ఫ్‌లో నిన్నమొన్న పుట్టింది కాదని దీన్ని బట్టి అర్థమవుతుంది.

ఆ తర్వాత 1973లో నూనె ధర పెరిగాక రోడ్లు, రేవులు, ఊళ్లకి ఊళ్లే కట్టడం మొదలైంది. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి మనవాళ్లు వచ్చారు. వాళ్ల వెనక మనం వచ్చాం.

చివరిగా మళ్లీ ఆ ప్రశ్నకే వద్దాం. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు లక్షా డెబ్భై వేలమంది భారతీయులు అక్కడ చిక్కుకుపోయారు. ఈసారి జవాబు వేరు. బస్సుల్లో జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరినవాళ్లని ఎయిర్ ఇండియా దాదాపు 490 ట్రిప్పుల్లో ఇంటికి చేర్చింది. ఆ ప్రయాణమూ కష్టమే, చాలామంది కూడబెట్టిందంతా వదిలేసి వచ్చారు. కానీ ప్రాణాలతో వచ్చారు. 1942లో మనల్ని పాలించింది పరాయివాళ్లు. 1990లో మన పేరు లెక్కపెట్టడానికి మన ప్రభుత్వం, మన ఎంబసీ ఉన్నాయి.

లెక్కలో ఉండటం ఎంత పెద్ద విషయమో రంగం దారిలో పోయినవాళ్లని తలుచుకుంటే తెలుస్తుంది. అందుకే భయపడమని కాదు గానీ, పాస్‌పోర్టు, ఇకామా ఫోటోలు మీ ఫోన్లోనూ, ఇంట్లోవాళ్ల దగ్గరా ఉంచండి. ఎంబసీ నంబరు రాసి పెట్టుకోండి. ఏ కంపెనీలో, ఏ ఊళ్లో, ఏ క్యాంపులో ఉన్నారో ఇంట్లో ఒకరికైనా సరిగ్గా తెలియాలి. సంపాదించింది ఎప్పటికప్పుడు ఇంటికి పంపండి.

ఎప్పుడైనా ధహ్రాన్ వైపు వెళ్తే, ఇథ్రా అనే పెద్ద భవనం కనిపిస్తుంది. దానికి దగ్గర్లోనే ఆ ఏడో నంబరు బావి ఉంది. 1982లో దాన్ని ఆపేసేదాకా మూడు కోట్లకు పైగా పీపాల నూనె ఇచ్చింది. ఇప్పుడు దాని పేరు ప్రాస్పెరిటీ వెల్, అంటే కలిమి బావి. మన ఇంట్లో పొయ్యి వెలగడానికీ ఆ బావికీ ఉన్న సంబంధం ఇప్పుడు మీకు తెలుసు. అటువైపు వెళ్లినప్పుడు ఒక్క నిమిషం ఆగి చూడండి. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీ తాతగారి వైపు, అమ్మమ్మగారి వైపు ఎవరైనా రంగం వెళ్లారేమో కూడా అడగండి. ఆ కథ ఉంటే మాకు వాయిస్ మెసేజ్ పంపండి, ఇంకో ఎపిసోడ్‌లో అందరికీ వినిపిద్దాం.